పంటి వేరు కడిగిన నీళ్లు, పైన పెట్టిన సిమెంటు: నూరేళ్ల కథ



ఈసారి రాజుల కథ కాదు, వలసల కథ కాదు, శాసనాల కథ కాదు. మన నోట్లోని పంటి కథ. ఇదేం చరిత్ర అని నవ్వకండి. ఇందులో ఒక యుద్ధం ఉంది, బట్టలు తెల్లబరిచే మందు ఉంది, మన చెన్నపట్నం ఉంది, మన జేబులోంచి పోయే డబ్బు కూడా ఉంది.

సంఘం కూడిక ఎక్కడ జరిగినా, హోసూరైనా సోలాపూరైనా బరంపురమైనా యానామైనా, భోజనాల దగ్గర ఒక మాట తప్పకుండా వినబడుతుంది. "వేలకు వేలు పోసి పన్నుకి నరం తీయించుకున్నానండీ. నొప్పి పోయింది. ఏడాది తిరక్కుండా పైన పెట్టిన సిమెంటు ఊడి చేతికొచ్చింది." వెంటనే తలా ఒక తీర్పు. డాక్టరు సరిగా చేయలేదని ఒకరు, మందు నకిలీదని ఒకరు, జంతికలు కొరికావేమోనని ఇంకొకరు. ఈ మూడూ జరిగేవే. అయితే నాలుగో కారణం ఒకటుంది, దాని సంగతి ఎవరూ ఎత్తరు. వేరు లోపల కడగడానికి వాడే ద్రవం పైన వేసే అతుకును బలహీనపరచగలదు. ఆ ద్రవం లేకపోతేనేమో అసలు పన్నే నిలవదు. ఈ చిక్కు ఎలా పుట్టింది, దాన్ని ఎలా విప్పుకుంటూ వచ్చారు అన్నదే ఈ వ్యాసం.

ముందు పంటి కట్టడం గురించి నాలుగు మాటలు

పైన కనిపించే తెల్లని గట్టి పొర ఎనామెల్. దాని కింద, వేరు కొసదాకా ఉండేది డెంటిన్. దాని మధ్యలో సన్నని గొట్టంలో మెత్తని గుజ్జు, అందులో నరమూ రక్తనాళమూ. పిప్పి గుజ్జుదాకా పోతే గుజ్జు కుళ్లుతుంది. దాన్ని తీసి, గొట్టాన్ని శుభ్రం చేసి, మూసివేయడమే రూట్ కెనాల్.

డెంటిన్ బరువులో సుమారు 70 శాతం ఖనిజం, 20 శాతం కొల్లాజెన్ మొదలైన సేంద్రియ పదార్థం, మిగతాది నీరు. మన పాత మట్టిగోడలు గుర్తు చేసుకోండి. మట్టిలో వరిగడ్డి కలిపి తొక్కి గోడ పెట్టేవారు. మట్టి గట్టిదనం ఇస్తే, గడ్డి పగలకుండా పట్టి ఉంచేది. డెంటిన్‌లో ఖనిజం ఆ మట్టి, కొల్లాజెన్ ఆ గడ్డి. ఈ పోలిక కాస్త మనసులో పెట్టుకోండి, ముందు పనికొస్తుంది.

వేరులోని గొట్టం నున్నటి పైపు కాదు. చెట్టు వేరులా పిల్ల పాయలుంటాయి, మెలికలుంటాయి. డాక్టరు వాడే సన్నని ఆకురాయి సూదులు ప్రతి మూలకూ పోలేవు. సూది పోని చోటుకి ద్రవం పోవాలి. అందుకే రూట్ కెనాల్‌లో కడగడం సగం వైద్యం.

చాకిరేవు నుంచి యుద్ధభూమికి

ఆ కడిగే ద్రవం సోడియం హైపోక్లోరైట్. పేరు పెద్దదే గానీ మనకు కొత్తది కాదు. బట్టలు తెల్లబరిచే బ్లీచింగ్ నీళ్లలో ఉండేది ఇదే. 1780ల్లో ఫ్రాన్సులో బెర్తోలే అనే రసాయన శాస్త్రవేత్త, పారిస్ పక్కన జావెల్ అనే చోట, క్లోరిన్‌తో బట్టలు తెల్లబరిచే నీళ్లు తయారు చేశాడు. 1820ల్లో లబరాక్ అనే ఫ్రెంచి మందుల తయారీదారు దాని సోడియం రూపాన్ని కుళ్లు వాసన పోగొట్టడానికీ పుళ్లు కడగడానికీ ప్రచారంలోకి తెచ్చాడు.

అసలు మలుపు మొదటి ప్రపంచ యుద్ధంలో వచ్చింది. గాయాలు చీము పట్టి ఎందరో సైనికులు చచ్చిపోతున్న కాలం. ఫ్రాన్సులోని కొంపియేన్ ఆసుపత్రిలో అలెక్సిస్ కరెల్ అనే సర్జను, హెన్రీ డేకిన్ అనే ఇంగ్లీషు రసాయన శాస్త్రవేత్త కలిసి పనిచేశారు. డేకిన్ రెండు వందలకు పైగా పదార్థాలు పరీక్షించి, చివరకు అర శాతం హైపోక్లోరైట్ దగ్గర ఆగాడు. క్రిములను చంపాలి, బతికున్న కండను కాల్చకూడదు, అదీ ఆయన లెక్క. 1915లో దాన్ని ప్రకటించాడు. డేకిన్ ద్రావణం అన్న పేరు ఈనాటికీ నిలిచి ఉంది.

యుద్ధం ముగిశాక ఆ నీళ్లు పంటి డాక్టర్ల చేతికి వచ్చాయి. 1920లో క్రేన్ అనే వైద్యుడు వేరు గొట్టాలు శుభ్రం చేయడానికి డేకిన్ ద్రావణం వాడమన్నాడు. సరిగ్గా అదే ఏడు కలకత్తాలో డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ మన దేశపు మొదటి డెంటల్ కాలేజీ స్థాపించారు. 1936లో అమెరికాలో వాకర్ ఇంకా గాఢమైన క్లోరిన్ సోడా ద్రావణాన్ని సిఫారసు చేశాడు. 1941లో ఫిలడెల్ఫియాకు చెందిన లూయిస్ గ్రాస్‌మన్, మైమన్ అనే సహచరుడితో కలిసి, ఏ రసాయనం పంటి గుజ్జును ఎంత తొందరగా కరిగిస్తుందో పరీక్షించాడు. హైపోక్లోరైటే గెలిచింది.

ఈ గెలుపుకు కారణం గమనించాలి. క్రిములను చంపే మందులు చాలా ఉన్నాయి. కానీ సూది చేరని మూలల్లో చచ్చిపడి ఉన్న కండను కరిగించి బయటికి తెచ్చేది ఇదొక్కటే. మాంసకృత్తులను కరిగించే శక్తే దీని గొప్ప. కొల్లాజెన్ కూడా మాంసకృత్తే. చిక్కంతా అక్కడే పుట్టింది, కానీ ఆ రోజుల్లో అది ఎవరికీ అడ్డు కాలేదు. ఎందుకో చూద్దాం.

అతుకు అక్కర్లేని రోజులు

1941లో పంటికి పెట్టే సిమెంటు చాలావరకు వెండి, పాదరసం కలిపిన అమాల్గం. అది పంటికి అంటుకోదు. పంటిలో లోపల వెడల్పుగా, మూతి దగ్గర ఇరుకుగా గుంట తవ్వి, అందులో కూరి గట్టిపడనిస్తారు. బీరువా లోపల ఇరుక్కున్న ట్రంకు పెట్టెలా అది బయటికి రాలేదు. అలాంటి దానికి పంటి గోడ ఏ నీళ్లతో కడిగినా ఒకటే. అందుకే కడిగేవాళ్ల చరిత్ర, నింపేవాళ్ల చరిత్ర రెండూ ఒకదాన్నొకటి తాకకుండా చాలా ఏళ్లు నడిచాయి.

అంటుకునే సిమెంటు కథ 1955లో మొదలైంది. అమెరికాలోని రోచెస్టర్‌లో మైకేల్ బోనకోర్ అనే దంతవైద్య పరిశోధకుడు, లోహానికి రంగు బాగా పట్టడానికి పరిశ్రమల్లో ముందు ఫాస్ఫారిక్ ఆమ్లం పూస్తారన్న సంగతి గమనించాడు. అదే ఆమ్లాన్ని ఎనామెల్ మీద అర నిమిషం పూసి కడిగి చూశాడు. నున్నటి ఎనామెల్ గరుకైంది, రెసిన్ దాన్ని పట్టుకుంది. మన పెయింటర్లు నున్నటి గోడను ఉప్పుకాగితంతో రుద్ది మరీ రంగు వేస్తారే, అదే కిటుకు. 1962లో రాఫెల్ బోవెన్ బలమైన కొత్త రెసిన్‌కు పేటెంటు పొందాడు. ఈనాటి పంటిరంగు ఫిల్లింగులకు అదే మూలపురుషుడు.

ఎనామెల్ లొంగింది గానీ డెంటిన్ లొంగలేదు. అందులో తడి ఉంది, కొల్లాజెన్ ఉంది. 1979లో టోక్యోలో ఫుసాయామా డెంటిన్ మీద కూడా ధైర్యంగా ఆమ్లం పూశాడు. 1982లో అదే ఊళ్లో నకబయాషి అసలు గుట్టు బయటపెట్టాడు. ఆమ్లం పైపై ఖనిజాన్ని కరిగించేస్తే కొల్లాజెన్ నార బయటపడుతుంది. ద్రవంగా ఉన్న రెసిన్ ఆ నారలోకి ఇంకి గట్టిపడుతుంది. నార, రెసిన్ కలిసి ఒక మిశ్రమ పొర అవుతుంది. దానికి హైబ్రిడ్ లేయర్ అని పేరు పెట్టారు. మట్టి కడిగేసిన గోడలో గడ్డి పైకి తేలితే, ఆ గడ్డి మీద కొత్త మట్టి మెత్తినట్టు.

అంటే కొత్త సిమెంటు నిలబడేది కొల్లాజెన్ మీద. వేరు కడిగే నీళ్లు కరిగించేదీ కొల్లాజెన్‌నే. రెండు చరిత్రలూ ఇక ఢీకొనక తప్పలేదు.

ఇంకో ద్రవం వచ్చి చేరింది

మధ్యలో మరో పాత్ర. సూదులతో గొట్టం గీకినప్పుడు పొడి, కండ ముక్కలు, క్రిములు కలిసి గోడకు మెత్తినట్టు ఒక పూత ఏర్పడుతుంది. దీన్ని స్మియర్ లేయర్ అంటారు. 1975లో మెక్‌కాంబ్, స్మిత్ అనేవారు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో దీన్ని వేరు గొట్టాల్లో చూపించారు. హైపోక్లోరైట్ ఆ పూతలోని కండను కరిగిస్తుంది గానీ ఖనిజపు పొడిని కరిగించలేదు. దానికి ఈడీటీఏ కావాలి. ఈ రసాయనం కాల్షియాన్ని పట్టి లాగేస్తుంది. నార్వేకు చెందిన నిగార్డ్ ఓస్ట్బీ 1957లోనే దీన్ని వేరు వైద్యంలోకి తెచ్చాడు. 1983లో యమద, గోల్డ్‌మన్ బృందం చివరి కడుగుగా ముందు 17 శాతం ఈడీటీఏ, ఆ తర్వాత 5.25 శాతం హైపోక్లోరైట్ వాడితే గోడలు బాగా శుభ్రపడతాయని చూపించింది. శుభ్రత వరకు మాట నిజం. కానీ గమనించండి, చివరగా పంటిని తాకింది హైపోక్లోరైట్.

1990ల నాటికి ఢీకొట్టింది

ఆ రోజుల్లో రెండు సంగతులు జరిగాయి. ఒకటి, వేరు లోపల కూడా రెసిన్‌తో అతికించే పద్ధతులు వచ్చాయి. విరిగిన పంటికి ఊతంగా వేరులో నిలిపే ఫైబర్ పోస్టులు 1990 నుంచి వాడుకలోకి వచ్చాయి. రెండు, 1995లో రే, ట్రోప్ అనే ఇద్దరు 1010 పళ్ల ఎక్స్‌రేలు పరిశీలించి ఒక మాట చెప్పారు. వేరు చివర చీము రాకుండా ఉండటానికి లోపలి రూట్ కెనాల్ నాణ్యత కంటే పైన పెట్టిన మూత నాణ్యత ఎక్కువ ప్రభావం చూపుతోందని. తర్వాతి పరిశోధకులు రెండూ ముఖ్యమేనని సరిదిద్దారు. కానీ ఆ దెబ్బతో అందరి చూపూ పై మూత మీద పడింది. మూత సందులోంచి ఉమ్మి లోపలికి దిగితే, దానితోపాటు క్రిములూ దిగుతాయి. ఎంత కడిగినా వృథా.

అప్పుడు ప్రయోగశాలల్లో, పీకిన పళ్ల మీద, హైపోక్లోరైట్‌తో కడిగిన డెంటిన్‌కు రెసిన్ అంటించి లాగి చూశారు. చాలా జిగురు రకాల్లో పట్టు తగ్గింది. కారణాలు రెండు తేలాయి.

మొదటిది మనకు తెలిసిందే, కొల్లాజెన్ దెబ్బతింటుంది. గడ్డి తినేసిన గోడ మీద మట్టి నిలవదు. 2001లో వచ్చిన ఒక అధ్యయనం గాఢమైన హైపోక్లోరైట్‌లో ఉంచిన డెంటిన్ వంపును తట్టుకునే బలమే తగ్గుతుందని చూపింది.

రెండోది ఆక్సిజన్. హైపోక్లోరైట్ విడిపోతే ఉప్పు, ఆక్సిజన్ మిగులుతాయి. రెసిన్ గట్టిపడటమంటే చిన్న చిన్న అణువులు చేయీ చేయీ పట్టుకుని గొలుసు కట్టడం. ఆక్సిజన్ మధ్యలో దూరి ఆ చేతులు విడగొడుతుంది. గొలుసు పొట్టిగా ఆగిపోతుంది. పైన గట్టిగా ఉన్న సిమెంటు, పంటిని తాకే చోట మాత్రం సరిగా గట్టిపడదు. హైడ్రోజన్ పెరాక్సైడ్‌తోనూ ఇదే బాధ. పళ్లు తెల్లబరిచాక వెంటనే ఫిల్లింగ్ పెట్టకుండా వారం, రెండు వారాలు ఆగమనేది అందుకే.

మగ్గం ఇంట్లో తెలిసిన మందు

మన సభ్యుల్లో సోలాపూర్, భివండీ పద్మశాలి కుటుంబాలవారు, తమిళనాట చేనేత ఇళ్లవారు ఈ పాటికి కథ పట్టేసి ఉంటారు. నూలును బ్లీచింగ్‌తో తెల్లబరిచాక నేరుగా రంగు తొట్టిలో ముంచరు. నూలులో మిగిలిన క్లోరిన్ రంగును తినేస్తుంది, మచ్చలు పడతాయి. ముందు బాగా జాడించాలి. అద్దకం పరిశ్రమలో మిగిలిన క్లోరిన్‌ను విరిచేయడానికి సోడియం థయోసల్ఫేట్ లాంటి విరుగుడు కూడా వాడతారు. తెల్లబరచడం, విరవడం, అద్దడం, ఈ వరస తప్పితే బట్ట పాడు.

దంతవైద్యం ఈ వరసను 2001లో కనుక్కుంది. ఆ ఏడు రెండు వేర్వేరు బృందాలు ఒకే మాట ప్రకటించాయి. హైపోక్లోరైట్ తగిలిన డెంటిన్‌కు ఆస్కార్బిక్ ఆమ్లమో, దాని సోడియం లవణమో 10 శాతం ద్రావణంగా పట్టిస్తే పోయిన పట్టు తిరిగి వస్తుందని. ఆస్కార్బిక్ ఆమ్లమంటే సి విటమిను. ఉసిరికాయలో ఉండేదే. ఆక్సిజన్ చేసిన చెరుపును అది విరుస్తుంది.

తర్వాత చెన్నై పేరు వస్తుంది. 2011లో అక్కడి పరిశోధకులు ద్రాక్ష గింజల్లోని ప్రోయాంథోసయనిడిన్‌ను హైపోక్లోరైట్ తగిలిన వేరు డెంటిన్ మీద ప్రయత్నించి, తగ్గిన పట్టు తిరిగి పెరిగిందని మన దేశపు దంతవైద్య పత్రికలో ప్రకటించారు. ఈ పదార్థం కొల్లాజెన్ నారలను ఒకదానికొకటి ముడివేసి బలపరుస్తుంది కూడా. మద్రాసులో ప్రభుత్వ దంత వైద్య విద్య 1953లో మొదలైంది. అరవై ఏళ్లు తిరిగేలోపు ఆ ఊరు ప్రపంచ ప్రశ్నకు తన జవాబు ఇచ్చింది. ఆ ఊరి నీళ్లు తాగిన తెలుగువాళ్లం కాబట్టి ఇది చెప్పుకోవడం మాకు సంతోషం.

ఒక పెద్ద ఆశ, అది చల్లారిన తీరు

చరిత్ర అన్నాక గెలుపులే కాదు. 2004 ప్రాంతంలో రెజిలాన్ అనే కొత్త పదార్థం వచ్చింది. గొట్టాన్ని నూరేళ్లుగా నింపుతున్న గట్టాపర్చా రబ్బరు గోడకు అంటుకోదు. ఇది రెసిన్ జిగురుతో అంటుకుని వేరూ నింపూ ఒకే ముద్ద అవుతుందన్నారు. అంటుకోవాలి గనుక చివరి కడుగు హైపోక్లోరైట్ కాకూడదన్నారు. వినడానికి బాగుంది. కానీ వేరు గొట్టం సన్నని బావి లాంటిది, గోడలే గోడలు. రెసిన్ గట్టిపడుతూ కుంచించుకుంటుంది. పైకి తెరిచిన గుంటలో ఆ కుంచింపుకు చోటుంటుంది, గొట్టంలో ఉండదు. అన్ని గోడల నుంచీ ఒకేసారి లాగుకుని ఎక్కడో ఊడుతుంది. పైగా ఆ పదార్థం కాలక్రమేణా క్షీణిస్తుందని తేలింది. చివరకు అది వాడుక నుంచి తప్పుకుంది. పాత గట్టాపర్చా ఇంకా ఉంది. కొత్తదల్లా మేలు కాదు, పాతదల్లా చేటు కాదు.

క్లోర్‌హెక్సిడిన్ కథ ఇంకో రకం. ఇది 1950ల నాటి ఇంగ్లాండు మందు, నోరు పుక్కిలించే మందుగా మనకూ తెలుసు. డెంటిన్‌లోనే దాగి ఉన్న కొన్ని ఎంజైములు ఏళ్ల మీద అతుకులోని కొల్లాజెన్‌ను కొరుక్కుతింటాయని 2004లో చూపించారు. ఆ ఎంజైములను క్లోర్‌హెక్సిడిన్ అణచగలదు. అయితే అది చచ్చిన కండను కరిగించలేదు, కాబట్టి హైపోక్లోరైట్‌కు బదులు కాలేదు. రెండూ గొట్టంలో కలిస్తే గోధుమరంగు మడ్డి ఏర్పడుతుంది. అందుకే నడుమ ఒకసారి కడగాలి.

ఇక మన సంగతి

ఇదంతా చదివి ఎవరూ డాక్టరు దగ్గరికెళ్లి "ఆ బ్లీచింగ్ వాడకండి" అనవద్దు. అది లేకుండా చేసిన రూట్ కెనాల్‌లో కుళ్లు మిగులుతుంది, ఏ అతుకూ ఆ పంటిని కాపాడలేదు. అలాగే ఉసిరికాయో నిమ్మకాయో పంటికి రుద్దుకోవడం వైద్యం కాదు. పుల్లనివి రుద్దితే ఎనామెల్ అరుగుతుంది. సి విటమిను పని చేసింది డాక్టరు చేతిలో, లెక్కకట్టిన ద్రావణంగా, గుంట లోపల.

డాక్టర్ల దగ్గర ఈ చిక్కుకు మార్గాలున్నాయి. చివర్లో ఈడీటీఏ పెట్టి ఆపై ఉప్పునీటితో బాగా కడగడం ఒకటి. పై గుంట గోడను బరుతో పలుచగా గీకి తాజా డెంటిన్ బయటపెట్టి అతికించడం ఇంకొకటి. 1972లో లండన్‌లో విల్సన్, కెంట్ ప్రకటించిన గ్లాస్ అయనోమర్ సిమెంటు వాడటం మరొకటి. అది రెసిన్ గొలుసు కట్టి గట్టిపడదు, ఆమ్లం, గాజుపొడి కలిసి గట్టిపడుతుంది. అందువల్ల ఆక్సిజన్ దాన్ని అంతగా బాధించదు. ఏ పంటికి ఏది అన్నది వారి నిర్ణయం.

మన చేతిలో ఉన్నవి రెండు. మొదటిది, నొప్పి పోగానే మానేయకుండా శాశ్వత ఫిల్లింగుకూ క్యాపుకూ చెప్పిన రోజున వెళ్లడం. తాత్కాలిక సిమెంటుతో నెలల తరబడి తిరిగేవాళ్లు మన సంఘంలోనే ఉన్నారు. లోపల ఎంత బాగా కడిగినా, మూత కారితే మళ్లీ మొదటికే వస్తుంది.

రెండోది, అడగడం. మనవాళ్లలో పెద్దలకు ఇదే కష్టం. డాక్టరు తమిళంలోనో కన్నడంలోనో మరాఠీలోనో ఒడియాలోనో చెబుతారు. బజారు పనికి సరిపోయే భాష పంటి కుర్చీలో సరిపోదు. తలూపి వచ్చేస్తారు. అలా తలూపి వచ్చి, రెండోసారి రమ్మన్న సంగతే అర్థం కాక, పన్ను పీకించుకున్న అవ్వలను మేము చూశాం. ఇంట్లో ఆ భాష చదువుకున్న పిల్లలెవరైనా వెంట వెళ్లి మూడు ప్రశ్నలు అడిగితే చాలు. శాశ్వత ఫిల్లింగ్ ఎప్పుడు? క్యాప్ కావాలా, అక్కర్లేదా? అతికించే ముందు లోపలి గోడను మళ్లీ శుభ్రం చేస్తారా? మంచి డాక్టరు ఎవరూ ఈ ప్రశ్నలకు విసుక్కోరు.

పిల్లలు ఊళ్లో లేనివారు సంఘానికి ఒక్క మాట చెప్పండి. తోడు వచ్చేందుకు మనలో ఎవరో ఒకరు దొరుకుతారు.